అనుపకారికి చేసే ఉపకారం

భగవద్గీత పదునేడవ అధ్యాయంలో శ్రీకృష్ణ పరమాత్మ దానాన్ని మూడు విధాలుగా విభజించాడు. ఇవ్వడం నా కర్తవ్యమని భావించి, తగిన చోట, తగిన వేళ, తగినవానికి, తిరిగి మేలు చేయలేనివానికి ఇచ్చేది సాత్త్వికం. బదులు ఆశించి గాని, ఫలాన్ని ఉద్దేశించి గాని, లోలోపల బాధపడుతూ గాని ఇచ్చేది రాజసం. అగౌరవంతో, తిరస్కారంతో ఇచ్చేది తామసం. సాత్త్విక దానం పుచ్చుకొనేవానికి ఆ శ్లోకంలో వాడిన మాట ‘అనుపకారి’. ఇచ్చేవాని మనస్సును మాత్రమే గాక, పుచ్చుకొనేవాని నిస్సహాయతను కూడా స్వామి లెక్కలోకి తీసుకున్నాడని ఈ మాట వల్ల నాకు బోధపడుతుంది.

మన గోదావరి మండలంలో ఈ మాటకు భాష్యం వెతకనక్కరలేదు. డొక్కా సీతమ్మగారు 1841లో మండపేటలో జన్మించారు. లంకల గన్నవరం వాస్తవ్యులైన జోగన్నగారి ఇల్లాలయ్యారు. వైనతేయ గోదావరి ఒడ్డున ఉన్న ఆ గ్రామం మీదుగా రాకపోకలు సాగించే బాటసారులకు అప్పట్లో వంతెనలు లేవు, పూటకూళ్ళు అరుదు. రేవు దాటి ఆకలితో వచ్చినవారికి ఆ ఇంట వేళ కాని వేళ అన్నది లేకుండా విస్తరి పడేది. కులమడగలేదు, ఊరడగలేదు. ఒకమారు ఆమె అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకిలో బయలుదేరారట. దారిలో ఆకలిగొన్న పెండ్లివారు కొందరు, గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడతారని తమ పిల్లలను ఊరడించుకోవడం చెవిని బడి, పల్లకి వెనుకకు మళ్ళించి, వారికంటే ముందే ఇల్లు చేరి వంట చేయించారని పెద్దలు చెబుతారు. స్వామి దర్శనం ఆగిపోయిందని ఆమె చింతించినట్లు ఎవరూ చెప్పరు.

ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకానికి ఆహ్వానం వచ్చినా ఆమె వెళ్ళలేదని ప్రసిద్ధి. 1909లో పరమపదించారు. నేడు వైనతేయపై గన్నవరం అక్విడక్టుకు ఆమె పేరుంది. రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆమె పేరే పెట్టారు. ఈ కీర్తి ఆమె కోరి తెచ్చుకొన్నది కాదు. తిని వెళ్ళినవారు మళ్ళీ కనబడే బాటసారులైనా కారు గదా!

అన్నం పెట్టి ఏమీ ఆశించకుండా ఉండడం కష్టమే. సలహా చెప్పి ఏమీ ఆశించకుండా ఉండడం అంతకంటె కష్టమని నా అభిప్రాయం. అన్నం తిన్నవాడు ‘ఇక చాలు’ అంటాడు, అక్కడితో ఋణం తీరినట్లే. మంచిమాట చెప్పినవాడు మాత్రం, విన్నవాడు అలాగే నడుచుకోవాలని కోరుకుంటాడు. డబ్బు కోరకపోయినా విధేయత కోరుతాడు. అది కూడా ప్రత్యుపకారమే, రాజసమే.

తాడేపల్లిగూడెంలో నేనెరిగిన విశ్రాంత ఉపాధ్యాయులొకరు ఏటా పదవ తరగతి ఫలితాలు రాగానే అరుగు మీద కూర్చుని, చదువురాని తల్లిదండ్రుల పిల్లలకు దరఖాస్తులు నింపిపెడతారు. ఉల్లిపాయల మార్కెట్టులో బస్తాలు మోసే హమాలీ కొడుకొకడికి పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగు డిప్లొమా చదవమని నెలరోజులు నచ్చజెప్పారు. చివరికి ఆ కుర్రవాడు, “మాస్టారూ, నాకు చేపల పెంపకం చదువు మీద మనసుంది. మా అమ్మమ్మగారిది కొల్లేరు ఊరే” అన్నాడు. ఆ పక్కనే ఉన్న నేను మాస్టారి ముఖం వంక చూశాను. ఆయన ఒక్క క్షణం ఊరకుండి, “అయితే దానికి వేరే దరఖాస్తుంటుంది బాబూ, రేపు కాగితాలన్నీ పట్టుకురా” అన్నారు. ఆ క్షణం మౌనంలో ఆయన వదులుకొన్నది చిన్నదేమీ కాదు.

తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో, చదువు ముగించి వెళ్ళే శిష్యునికి గురువు దానం చేయవలసిన తీరు చెబుతాడు. శ్రద్ధతో ఇవ్వమంటాడు, సిగ్గుతో ఇవ్వమంటాడు, భయంతో కూడా ఇవ్వమంటాడు. ఇచ్చేవాడు సిగ్గుపడడమేమిటని సందేహం కలుగవచ్చు. ఇంతేనా నేను ఇవ్వగలిగినది అన్న సంకోచమే ఆ సిగ్గు అని పెద్దలు వివరిస్తారు. ద్వారకా తిరుమలకు భీమడోలు మీదుగా నడిచి వెళ్ళే భక్తుల కోసం ఎండాకాలంలో వేసే చలివేంద్రాలను చూసినప్పుడు నాకీ మాట గుర్తుకు వస్తుంది. కుండ కంటె దాత పేరు రాసిన బోర్డు పెద్దదైతే ఆ సిగ్గు లోపించిందన్నమాట. (జమాఖర్చుల కోసం దాతల పేర్లు రాసి ఉంచడం వేరు, అది ధర్మకర్తల బాధ్యత.) మజ్జిగ తాగేవాణ్ణి నిలబెట్టి ఫోటో తీయడం ఇంకా బాధాకరం.

కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు ఫాల్గుణంలో వచ్చే కొత్తవారికి కొల్లేటి లోతులు తెలియవు. గుర్రపుడెక్క పరుచుకొన్నచోట నీరేదో, నేలేదో పోల్చుకోలేరు. “అటు వద్దండీ, ఇటు రండి” అని కేకవేసి చెప్పే జాలరి తన దోనె ఆపడు, పేరూ చెప్పడు. దారి తెలిసినవాడు తెలియనివానికి చెప్పాడు, అంతే.

మొన్న మాస్టారిని, ఆ కుర్రవాడు ఇప్పుడెక్కడున్నాడని అడిగాను. “ఏమో నండీ, ఎక్కడో ఉద్యోగంలో చేరాడని విన్నాను” అని, బల్ల మీది నోటు పుస్తకం నా వైపు తిప్పి చూపారు. ఈ ఏడాది పరీక్ష రాసిన నలుగురి పేర్లు, వారికి ఇంకా రావలసిన కుల, ఆదాయ ధ్రువపత్రాల వివరాలు అందులో రాసి ఉన్నాయి.