ర్యామ్‌లో కొత్త అంకె.. క్యాష్‌లో పాతది!

తాడేపల్లిగూడెం నిట్‌లోనో, ఏలూరు కాలేజీలోనో ఈసీఈ చదువుతూ ఎంబెడెడ్ కొలువు కోసం చూస్తున్నారా? కొల్లేరు చేపల చెరువుకు ఆక్సిజన్ మీటర్ ప్రాజెక్టు చేశారనుకోండి. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఏరేటర్ వేయాల్సింది అప్పుడే. మీ బోర్డు మాత్రం రాత్రి చూపిన అంకెనే చూపిస్తోంది! సెన్సర్ బాగానే ఉంది. మరి తప్పెక్కడ?

డీఎంఏ కొత్త రీడింగ్‌ను నేరుగా ర్యామ్‌లో రాసింది. ప్రాసెసరేమో తన క్యాష్‌లో ఉన్న పాత నకలు చదువుకుంది. అందుకే డీఎంఏ పూర్తయ్యాక, చదివే ముందు ఆ భాగాన్ని ఇన్‌వాలిడేట్ చేయాలి. మీరు రాసినదాన్ని పరికరానికి పంపేటప్పుడైతే క్లీన్ చేయాలి. అంటే క్యాష్‌లోది ముందు ర్యామ్‌కు దించాలి. ఇంటర్వ్యూలో ఈ రెండూ తారుమారు చేశారో, అయిపోయినట్టే.

ఇంకో మెలిక ఉంది. ఎస్‌టీఎం32 హెచ్7 బోర్డుల్లోని కార్టెక్స్ ఎం7కు క్యాష్ లైన్ 32 బైట్లు. బఫర్ 32 బైట్ల హద్దున మొదలవ్వాలి, సైజు కూడా 32 గుణిజం కావాలి. లేదంటే ఇన్‌వాలిడేట్ పక్క వేరియబుల్‌ కొత్త విలువనూ చెరిపేయొచ్చు. ల్యాప్‌టాప్‌లో ఈ తిప్పలు కనిపించవు, అక్కడ హార్డ్‌వేరే చూసుకుంటుంది.

క్యాష్ మొత్తం ఆపేస్తే పోలేదా అంటారా? పని జరుగుతుంది, వేగం పోతుంది. ఆ బఫర్ ఒక్కదాన్నే ఎంపీయూతో నాన్ క్యాషబుల్ చేసి చూడండి.