మొండి టీబీ వెనుక లెక్క

టీబీ బాక్టీరియా డీఎన్‌ఏలో సుమారు 44 లక్షల అక్షరాలుంటాయి. వాటిలో కీలకమైన చోట ఒక్కటి మారితే చాలు, ప్రధానమైన మందు కూడా పనిచేయదు. క్రిమి రెండుగా చీలేటప్పుడు డీఎన్‌ఏకు నకలు తీస్తుంది. అప్పుడు అరుదుగా దొర్లే తప్పే ఈ జన్యుమార్పు. కొన్ని బాక్టీరియాలు మందును తట్టుకునే జన్యువులను ఇతర క్రిముల నుంచి తెచ్చుకుంటాయి. టీబీ క్రిమికి మాత్రం సొంత తప్పులే దిక్కు.

రిఫాంపిసిన్ మందు, క్రిమిలో ఆర్ఎన్ఏ తయారుచేసే ఎంజైముకు అతుక్కుని పని ఆపేస్తుంది. ఆ ఎంజైములో 450వ స్థానంలోని సెరీన్ అనే అమైనో ఆమ్లం పోయి ల్యూసీన్ వస్తే మందుకు పట్టు దొరకదు. ఐసోనియాజిడ్ తీరు వేరు. క్రిమిలోని క్యాట్‌జీ ఎంజైమే దాన్ని విషంగా మార్చాలి. ఆ ఎంజైములో 315వ స్థానం మారితే మందు విషంగా మారడం బాగా తగ్గిపోతుంది.

ఇక లెక్క. ఐసోనియాజిడ్‌ను తట్టుకునే క్రిమి సుమారు 10 లక్షల్లో ఒకటి, రిఫాంపిసిన్‌ను తట్టుకునేది 10 కోట్లలో ఒకటి పుడుతుంది. ఊపిరితిత్తిలో టీబీ తొలిచిన గుంతలో 10 కోట్ల క్రిములున్నాయనుకుందాం. మందు మొదలవకముందే మొదటి రకం వంద, రెండో రకం ఒకటి ఉంటాయి. రెండింటినీ తట్టుకునేది కోటి కోట్లలో ఒకటి. అలాంటి గుంత ఉన్న రోగులను 10 లక్షల మందిని వెతికితే ఒక్కటి దొరకొచ్చు.

ఐసోనియాజిడ్ ఒక్కటే వాడితే? ఆ వంద బతుకుతాయి. రోజుకోసారి రెట్టింపైతే 20 రోజుల్లో మళ్లీ 10 కోట్లు. వాటిలో ఒకటి రిఫాంపిసిన్‌నూ తట్టుకుంటుంది. మొండి టీబీ ఇలా మెట్టుమెట్టుగా తయారవుతుంది. అందుకే భారత్‌లో మామూలు టీబీకి తొలి 2 నెలలు నాలుగు మందులు, తర్వాతి 4 నెలలు మూడు మందులు కలిపి ఇస్తారు.

ఊరటనిచ్చే అంకె 81. రిఫాంపిసిన్‌ను ఓడించే మార్పుల్లో సుమారు 95 శాతం డీఎన్‌ఏలోని 81 అక్షరాల ముక్కలోనే ఉంటాయి. సీబీనాట్ యంత్రం తెమడలో ఆ ముక్కను చూసి దాదాపు 2 గంటల్లో ఫలితం చెబుతుంది. క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షకు వారాలు పడుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో 4 లక్షల మందికి రిఫాంపిసిన్‌కు లొంగని టీబీ సోకింది. వారిలో 27 శాతం భారత్‌లోనే. మొండి క్రిమి గాలి ద్వారా నేరుగా సోకుతుంది కాబట్టి, ఒక్క మాత్రా మానని వారికీ, అసలు మందే వాడని వారికీ అది రావచ్చు. టీబీ అని తేలిన రోజే ఏ మందుకు లొంగుతుందో పరీక్షించాల్సింది అందుకే.