మందుకే కాదు, కేసుకీ ఉంది 'ఎక్స్‌పైరీ'!

మాత్రలు వేసినా పిల్లాడి జ్వరం తగ్గకపోతే ఏం చేస్తాం? డాక్టర్ని మారుస్తాం. పథ్యం సరిగ్గా పెట్టలేదేమోనని మనల్ని మనమే తిట్టుకుంటాం. అంతేగానీ, 'అసలీ మాత్రలో ఉండాల్సినంత మందు ఉందా?' అన్న అనుమానం చాలామందికి రాదు.

నాసిరకం మందు తయారుచేసినా, అమ్మినా 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ప్రకారం నేరం. జైలుశిక్ష, జరిమానా ఉంటాయి. అయినా కొన్ని కేసులు కోర్టులో నిలబడవు. మందు మంచిదని తేలి కాదు... పరీక్ష ఆలస్యమై!

నాలుగు భాగాలు

డ్రగ్ ఇన్‌స్పెక్టర్ షాపులో తీసిన శాంపిల్‌ని నాలుగు భాగాలు చేసి సీలు వేస్తారు. ఒకటి షాపువాళ్లకి, ఒకటి ప్రభుత్వ ల్యాబ్‌కి, ఒకటి కోర్టుకి, మరొకటి ఆ మందుని షాపుకి సరఫరా చేసినవాళ్లకి. ల్యాబ్ 60 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలన్నది నిబంధన. అందులో 'నాసిరకం' అని తేలితే, దాన్ని ఒప్పుకోనివాళ్లు రిపోర్టు అందిన 28 రోజుల్లోగా ఆ సంగతి రాసివ్వాలి. అప్పుడు కోర్టు తన దగ్గరున్న భాగాన్ని కోల్‌కతాలోని సెంట్రల్ డ్రగ్స్ లేబొరేటరీకి పంపుతుంది. అక్కడ చెప్పిందే ఆఖరిమాట.

చిక్కంతా ఇక్కడే. ల్యాబ్‌లో కొన్నాళ్లు, ఫైలు తిరగడానికి కొన్నాళ్లు, కేసు వేయడానికి మరికొన్నాళ్లు గడిచేసరికి మందు గడువు కాస్తా దాటిపోతుంది. ఆ తర్వాత పరీక్షిస్తే అది మొదట్నుంచీ నాసిదా, పాతబడి పాడైందా? ఎలా చెప్తారు?

పెరుగు నేర్పిన పాఠం

ఈ వాదనకి మూలం ఓ పెరుగు కేసు. ఆహార కల్తీ చట్టం కింద ఢిల్లీలో ఒక వ్యాపారి మీద కేసు పెట్టారు. రెండోసారి పరీక్షకి పంపేసరికి పెరుగు పాడైపోయింది. ఆలస్యం వల్ల నిందితుడు తన హక్కు పోగొట్టుకున్నాడు కనుక శిక్షించడం కుదరదని 1966లో సుప్రీంకోర్టు చెప్పింది. మందుల విషయంలోనూ ఇదే న్యాయం. 2008లో మెడికామెన్ బయోటెక్ కేసుని సుప్రీంకోర్టు ఇందుకే కొట్టేసింది. మందు గడువు ఇంకో నెలలో ముగుస్తుందనగా ఫిర్యాదు వేశారనీ, మళ్లీ పరీక్ష చేయించుకునే హక్కు కంపెనీకి దక్కలేదనీ తప్పుపట్టింది.

'అయితే దొంగలకి దారి దొరికినట్టేగా!' అంటారా? అలా తీసిపారేయలేం. ల్యాబ్‌లోనూ పొరపాటు జరగొచ్చు. ఒక్క కాగితం చూసి మనిషిని జైలుకి పంపడం న్యాయం కాదు. పైగా గడువు దాటిందన్న ఒక్క మాటతో అందరూ బయటపడలేరు. 28 రోజుల్లో నోరు విప్పనివాళ్లకి ఆ హక్కు లేదని 1998లో సుప్రీంకోర్టే చెప్పింది. తప్పు హక్కుది కాదు, ఆలస్యానిది. ఆ ఆలస్యానికి ఫలితం అనుభవించేది మాత్రం ఆ మందు మింగినవాళ్లు.

మనమేం చేయొచ్చు?

* మందులకి బిల్లు తప్పక అడగండి. అందులో బ్యాచ్ నంబరు ఉందో లేదో చూసుకోండి.

* బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న వైపు కాకుండా రెండో వైపు నుంచి మాత్రలు తీసుకోండి. అనుమానం వస్తే మిగిలినవి పారేయకండి.

* కొన్న మందుని నిర్ణీత రుసుము కట్టి ప్రభుత్వ ఎనలిస్టుతో పరీక్ష చేయించుకునే హక్కు చట్టంలోని 26వ సెక్షన్ మనకిచ్చింది. సంతకంతో రిపోర్టు ఇస్తారు. గుర్తింపు పొందిన వినియోగదారుల సంఘం కూడా పంపొచ్చు.

* నష్టపోయినవాళ్లు, ఇలాంటి సంఘాలు నేరుగా కోర్టులో కేసు వేసే వీలు 32వ సెక్షన్‌లో ఉంది.

ఏం చేసినా వెంటనే చేయాలి. 'చూద్దాంలే' అని మనం అలమరలో పెట్టి మర్చిపోతే, ఆఫీసులో ఫైలు మూలన పడేసినవాళ్లకీ మనకీ తేడా ఏముంటుంది? స్ట్రిప్ మీది గడువు తేదీ ఎవరికోసమూ ఆగదు మరి!