పాల రోగం వైరస్‌కీ, ల్యాబులో అమ్మే మనిషి ప్రోటీన్‌కీ ఏంటి సంబంధం?

మన గ్రూపులో ఒక రైతు ఒక చిన్న సీసా ఫోటో పెట్టారు. మనిషి ప్రోటీన్, పేరు హెచ్‌డాక్-1, పురుగు కణాల్లో తయారైంది, పరిశోధనకు మాత్రమే అని దాని మీద రాసుంది. "పాల రోగం పురుగుల్ని ల్యాబులవాళ్ళు ఇందుకే కొంటారంట, పారెయ్యకుండా పెట్టుకోవాలా?" అని అడిగారు. ఇంకొందరూ అదే అడుగుతున్నారు.

ముందే చెప్తున్నాం, ఎవరూ కొనరు. ఒక్క రోజు కూడా షెడ్డులో పెట్టుకోకండి. కానీ పాల రోగానికీ ఆ సీసాకూ సంబంధం ఉన్న మాట నిజం.

పాల రోగం తగిలిన పురుగు సరిగా జ్వరానికి కూర్చోదు, తట్ట అంచుల మీద తిరుగుతుంది, కణుపులు ఉబ్బుతాయి. చర్మం చిట్లితే తెల్లగా పాలు కారతాయి. ఆ తెలుపంతా కంటికి కనబడని గింజలు. ఒక్కో గింజలో ఎన్నో వైరస్‌లు దాక్కుని ఉంటాయి. ఆ గింజ గోడ పాలీహెడ్రిన్ అనే ప్రోటీన్‌తో కట్టింది. రోగం ముదిరాక వైరస్ పురుగు కణం చేత మిగతా పనులన్నీ దాదాపు మాన్పించి, ఈ ఒక్క ప్రోటీన్‌నే రాశులు రాశులుగా చేయిస్తుంది.

శాస్త్రవేత్తలు పట్టుకున్నది ఈ గుణాన్నే. పాలీహెడ్రిన్ జీన్ తీసేసి ఆ చోట మనిషి జీన్ పెడితే, కణం అదే జోరుతో మనిషి ప్రోటీన్ చేస్తుంది. 1983లో అమెరికాలో ఇలాంటి ఇంకో పురుగు వైరస్‌తో, పురుగు కణాల్లో మనిషి ఇంటర్‌ఫెరాన్ తీశారు. 1985లో జపాన్‌లో సుసుము మయేదా బృందం ఇదే పనిని మన పట్టుపురుగులోనే, మన పాల రోగం వైరస్‌తోనే చేసి చూపించింది.

ఇప్పుడు ల్యాబుల్లో ఎక్కువగా వాడేది పట్టుపురుగును కాదు, కత్తెర పురుగు కణాలను. అవును, 2018లో మొదట కర్ణాటకలో కనబడి మొక్కజొన్నను తినేసిన ఆ పురుగే! దాని ప్యూపా నుంచి ఎప్పుడో తీసిన కణాలను సీసాల్లో పెంచుతూ వస్తున్నారు. ఆకు అక్కర్లేదు, తట్టలు అక్కర్లేదు. మార్చిన వైరస్‌ను ఆ కణాలకు ఎక్కించి, రెండు మూడు రోజులాగి కణాలను పగలగొట్టి, కావలసిన ప్రోటీన్‌ను వేరు చేస్తారు. చాలావరకు మైనస్ 80 డిగ్రీల చలిలో దాస్తారు.

ఇంత కష్టపడి హెచ్‌డాక్-1 ఎందుకు? మన ఒక్కో కణంలో దాదాపు 2 మీటర్ల డీఎన్ఏ పోగు ఉంటుంది. కండెకు నూలు చుట్టినట్టు అది హిస్టోన్ అనే ప్రోటీన్ ఉండలకు చుట్టుకుని ఉంటుంది. పోగూ ఉండలూ కలిపి క్రోమాటిన్. చుట్టు వదులుగా ఉన్నచోట జీన్‌లు పనిచేస్తాయి, బిగిసిన చోట ఊరుకుంటాయి. హిస్టోన్ తోకలకు అతుక్కున్న అసిటైల్ గుర్తులను హెచ్‌డాక్-1 తీసేస్తుంది, దాంతో చుట్టు బిగుస్తుంది. కొన్ని క్యాన్సర్లలో ఈ బిగింపు లెక్క తప్పుతుంది. హెచ్‌డాక్‌లను ఆపే వొరినోస్టాట్ అనే మందుకు, చర్మానికి వచ్చే ఒక రకం లింఫోమా కోసం 2006లో అమెరికాలో అనుమతి దొరికింది. ఇలాంటి కొత్త మందు ఏదైనా పనిచేస్తుందా లేదా అని మొదట గాజు గొట్టంలో ఈ సీసా ప్రోటీన్ మీదే చూస్తారు. సీసాలో ఉన్నది మాత్రం మందు కాదు, ఒంటికి ఎక్కించేది కాదు.

ఇక మన షెడ్డు సంగతి. ల్యాబు వైరస్‌కు పాలీహెడ్రిన్ ఉండదు కాబట్టి గింజ కట్టలేదు, బయట ఎక్కువ రోజులు బతకలేదు. మన షెడ్డులో ఉన్నది గింజ కట్టిన వైరస్. మట్టిలో, తట్ట సందుల్లో, చంద్రికల్లో ఏళ్ళ తరబడి ఉంటుంది. ఆకుతోపాటు కడుపులోకి పోతే, పురుగు పేగులోని క్షారానికి గింజ కరిగి వైరస్ బయటపడుతుంది. "ల్యాబుకు అమ్ముదాం" అని నాలుగు పురుగుల్ని డబ్బాలో దాస్తే, పోయేది మీ పంటొక్కటే కాదు, పక్క షెడ్డువాళ్ళది కూడా.

సున్నం పనిచేసేదీ ఆ క్షారం వల్లనే. గింజ గోడను సున్నం కరిగిస్తే, బయటపడ్డ వైరస్‌ను బ్లీచింగ్ చంపుతుంది. అందుకే రెండూ కలిపి కొట్టమంటారు. 100 లీటర్ల నీళ్ళకు 2 కిలోల మంచి బ్లీచింగ్ పౌడర్, 300 గ్రాముల తడిపిన సున్నం. డబ్బా తెరిచి చాలా రోజులైన బ్లీచింగ్‌లో ఘాటు పోయుంటుంది, దాన్ని వాడకండి. రోగం పురుగుల్ని చేత్తో కాకుండా పుల్లతో ఏరి, సున్నం, బ్లీచింగ్ కలిపిన నీళ్ళ గిన్నెలో వేసి, తర్వాత షెడ్డుకు దూరంగా లోతుగా పూడ్చండి. ఆ చేతులతోనే చాకీ పురుగుల దగ్గరికి పోవద్దు.