షవర్మా సరే... మయోనీస్ సంగతేంటి?

ఒకప్పుడు కర్నూలు, కడపల్లో బయట తినడమంటే ఉగ్గాని బజ్జీ, కారం దోసె, రాగి సంగటి-నాటుకోడి పులుసు, మహా అయితే బిర్యానీ. ఇప్పుడు పిల్లలను అడిగి చూడండి. ముందుగా వచ్చే పేర్లు షవర్మా, మందీ! ఈ రుచులు మనకు మరీ పరాయివేం కావు. కడప, రాయచోటి, రాజంపేట చుట్టుపక్కల ఊళ్ల నుంచి కువైట్, సౌదీ వెళ్లినవాళ్లు ఎందరో. ఖుబూస్ రొట్టె పేరు ఆ ఇళ్లలో ఏనాడో వినిపించింది. ‘మెడిటరేనియన్ తిండి గుండెకు మంచిదట కదా’ అన్న మాట కూడా తోడవడంతో ఇంటిల్లిపాదీ ధీమాగా వెళ్తున్నారు. మరి మన ప్లేటులోకి వస్తున్నది ఆ తిండేనా?

పేరొకటి... ప్లేటు మరొకటి

మందీ లెబనాన్ వంటకం కాదు, యెమెన్‌ది. కింద అన్నం, పైన మాంసం ఉంచి, కారే కొవ్వు అన్నంలో పడేలా వండుతారు. షవర్మా మాత్రం లెబనాన్, సిరియా ప్రాంతాలదే. ‘తిప్పడం’ అనే అర్థమున్న టర్కీ మాట నుంచి ఆ పేరు వచ్చింది.

లెబనాన్ ఇళ్లలో రోజూ కనిపించేవి వేరు. ఉడికించిన కాబూలీ శనగలు, నువ్వుల ముద్ద కలిపి రుబ్బిన హమ్మస్. పార్‌స్లీ ఆకు, టమాటా, గోధుమ రవ్వలతో చేసే తబ్బూలే. మన శనగ వడకు దగ్గరి చుట్టంలాంటి ఫలాఫెల్. నీళ్లు వడకట్టిన గట్టి పెరుగు లబ్నే. మొదటిసారి తిన్నవాళ్లు ‘ఇదేంటి, చల్లగా పుల్లగా ఉంది’ అని పక్కన పెట్టేసేవీ ఇవే! ఇవి వదిలేసి మైదా రొట్టె, మాంసం, మయోనీస్, ఫ్రెంచ్ ఫ్రైస్ మాత్రమే తింటే ఆరోగ్యం పేరులోనే మిగులుతుంది.

స్పెయిన్‌లో గుండెజబ్బు ముప్పున్న 7,447 మందిపై చేసి, 2013లో ప్రచురించిన ప్రసిద్ధ అధ్యయనం ఉంది. పద్ధతిలో లోపాలు తేలడంతో 2018లో దాన్ని సరిదిద్ది మళ్లీ ప్రచురించారు. ఆలివ్ నూనె లేదా గింజ పప్పులు చేర్చిన మెడిటరేనియన్ ఆహారంతో గుండెపోటు, పక్షవాతం వంటివి దాదాపు 30 శాతం తగ్గాయన్న ఫలితం మాత్రం మారలేదు. ఆ మేలు కూరగాయలు, పప్పుధాన్యాలు, చేపలు, మంచి నూనెలతో వచ్చింది. షవర్మాతో కాదు.

అసలు ముప్పు ఎక్కడ?

మొదటిది మయోనీస్. లెబనాన్‌లో చికెన్ షవర్మాకు వాడే ‘తూమ్’లో సంప్రదాయంగా వెల్లుల్లి, నూనె, నిమ్మరసం, ఉప్పు మాత్రమే ఉంటాయి. మన దగ్గర దాని స్థానంలోకి పచ్చి గుడ్డుతో గిలకొట్టిన మయోనీస్ వచ్చి చేరింది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. నలభై డిగ్రీలు దాటే మన ఎండల్లో ఆ గిన్నె ఫ్రిజ్ బయట ఉంటే క్రిములు గంటల్లోనే విపరీతంగా పెరుగుతాయి. అందుకే పచ్చి గుడ్డు మయోనీస్‌ను 2023 జనవరిలో కేరళ నిషేధించింది. హైదరాబాద్‌లో మోమోలు తిన్న పలువురు అస్వస్థులై, ఒక మహిళ మరణించాక 2024 అక్టోబరులో తెలంగాణ ఏడాదిపాటు నిషేధం విధించింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కూడా అదే బాట పట్టింది.

రెండోది మాంసం. చువ్వకు గుచ్చిన చికెన్ పైపొర ఎర్రగా కాలినా లోపల పచ్చిగానే ఉంటుంది. గిరాకీ ఎక్కువైనప్పుడు తొందరపడి లోతుగా కోస్తే ఉడకని ముక్క రొట్టెలోకి వస్తుంది. గిరాకీ తగ్గినప్పుడు మంట ఆర్పేస్తే మాంసం గోరువెచ్చగా ఉండిపోతుంది. క్రిములకు కావాల్సింది అదే. 2022 మే నెలలో కేరళలోని చెరువత్తూరులో షవర్మా తిని 16 ఏళ్ల విద్యార్థిని చనిపోయింది. అస్వస్థులైనవారి నమూనాల్లో షిగెల్లా బ్యాక్టీరియా బయటపడింది.

ఆర్డరిచ్చే ముందు...

• ‘మయోనీస్ గుడ్డుదా, గుడ్డు లేనిదా? ఇక్కడే చేశారా, ప్యాకెట్‌దా?’ అని అడగండి. సరైన జవాబు రాకపోతే మయోనీస్ లేకుండా ఇమ్మనండి. ఎలాగూ ఒక టేబుల్‌స్పూన్‌లో దాదాపు 90 కేలరీలుంటాయి.
• చువ్వ దగ్గర మంట వెలుగుతోందో లేదో చూడండి. కోసిన ముక్కల్ని పెనం మీద మరోసారి కాల్చి ఇమ్మని చెప్పండి. ముక్క లోపల గులాబీ రంగు కనిపిస్తే తినొద్దు.
• రోడ్డు పక్కన దుమ్ములో మూత లేకుండా పెట్టిన చికెన్, తరిగిన క్యాబేజీ ఉన్నచోట ఆగకండి.
• గోడ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉందేమో చూడండి.
• పార్సిల్‌ను ఇంటికి తెచ్చిన వెంటనే తినండి. రాత్రి తెచ్చింది పొద్దున పిల్లల టిఫిన్ బాక్సులో పెట్టొద్దు.
• గర్భిణులు, చిన్నపిల్లలు, పెద్దవాళ్లు, షుగర్ ఉన్నవారు పచ్చి గుడ్డు మయోనీస్ జోలికే వెళ్లొద్దు.
• పెద్ద మందీ ప్లేటు నలుగురు పంచుకునేది. ఇద్దరే ఖాళీ చేయాలని చూడకండి. ముందుగా హమ్మస్, సలాడ్ తెప్పించుకుంటే అన్నం తక్కువ తింటారు.

తేడా చేస్తే...

వాంతులు, విరేచనాలు కొన్నిసార్లు గంటల్లోనే, మరికొన్నిసార్లు ఒకట్రెండు రోజుల తర్వాత మొదలవుతాయి. వెంటనే ఓఆర్ఎస్ తాగించండి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా టీస్పూనే, తల కొట్టినంతే. విరేచనాలు ఆపే మాత్రలు, యాంటీబయాటిక్స్ సొంతంగా వేయొద్దు. మలంలో రక్తం, తీవ్ర జ్వరం, మూత్రం రాకపోవడం, పిల్లలు మగతగా పడుకోవడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. ఆసుపత్రికి తీసుకెళ్లండి, అవసరమైతే 108కి ఫోన్ చేయండి. బిల్లు దాచుకుని, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ టోల్‌ఫ్రీ నంబరు 1800112100కు ఫిర్యాదు చేయండి. మరో కుటుంబం ఆ ఇబ్బంది పడకుండా ఉంటుంది.

మన వంటింట్లోనే హమ్మస్

కర్నూలు, కడప నల్లరేగడి నేలల్లో రబీ వచ్చిందంటే శనగ పంటే. ఇక నువ్వులు, వెల్లుల్లి, నిమ్మకాయ లేని వంటిల్లు ఉండదు. కప్పు కాబూలీ శనగలు రాత్రి నానబెట్టి, పొద్దున కుక్కర్లో మెత్తగా ఉడికించండి. దోరగా వేయించిన మూడు చెంచాల నువ్వులు, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు, నిమ్మరసం చేర్చి, ఉడికించిన నీటితోనే మెత్తగా రుబ్బండి. పైన చెంచా నూనె, చిటికెడు కారం. ఆలివ్ నూనె లేకపోతే వేరుశనగ నూనె వేసుకోండి.

ఖుబూస్ అక్కర్లేదు. వేడి జొన్నరొట్టె తుంచి అద్దుకుంటే చాలు. పీచు, మాంసకృత్తులు రెండూ దొరుకుతాయి. నెలకోసారి షవర్మా తిన్నా, వారానికి రెండుసార్లు ఇది తింటే మెడిటరేనియన్ ఆహారం పేరు మీద మీరు ఆశించిన మేలుకు మరింత దగ్గరవుతారు.