నల్లముత్యపు వన్నె

ముత్యమనగానే మన మనస్సునకు ముందుగా స్ఫురించునది తెలుపు. నవరత్నములలో దానిని చంద్రునికి చెందిన రత్నముగా నెంచిన మన పెద్దలును, హైదరాబాదు పత్తర్‌గట్టి అంగళ్లలో కూర్చుండి ఒక పూసకు వేరొక పూసను సరిచూచి దండ గ్రుచ్చించుకొను గృహిణులును ఆ ధవళిమనే ముత్యమునకు ప్రాణముగా భావించిరి; పారిసు, న్యూయార్కు నగరముల రత్నవర్తకుల సంస్కారమును ఇంతకంటె భిన్నమైనది కాదు. కావున 1970 దశకమున దక్షిణ పసిఫిక్ నుండి పెంపకపు నల్లముత్యములు విపణికి వచ్చినప్పుడు వానిని కొనువారు కానరాకపోవుటలో వింత లేదు.

తాహితి ముత్యములని లోకము పిలుచు ఇవి అధికభాగము ఆ ద్వీపమున పుట్టునవి కావు. ఫ్రెంచి పాలినీషియాలోని టువామోటు, గాంబియరు ద్వీపసమూహములందు, పగడపు దిబ్బలు వలయాకారమున చుట్టుకొనియుండుటచే సముద్రపు టలల తాకిడి సోకని ఉప్పునీటి మడుగులలో, నల్లని అంచుగల యొక జాతి ముత్యపుచిప్ప పెరుగును. పనివాడు ఆ చిప్పను కొద్దిగా తెరచి, లోని జీవి బీజాశయమునందు సన్నని గాటుపెట్టి, అమెరికా నదులలోని ఆల్చిప్పలనుండి గుండ్రముగా చెక్కిన పూసను, దానిని తాకునట్లు వేరొక చిప్పనుండి కోసిన మాంసపు పొర తునుకను అమర్చును. ఆ తునుక పూసచుట్టును సంచిగా పెరిగి, పొరపై పొరగా ముత్యపదార్థమును స్రవించుచు పోవును. ఏడాదిన్నర, రెండేండ్లు నీటిలో వ్రేలాడిన పిదప గాని ఫలితము తెలియదు. కొన్ని చిప్పలు చచ్చును, కొన్ని పూసను వెలికి గ్రక్కును, బ్రదికినవానిలోను నిర్దోషమైన గుండ్రని ముత్యము నిచ్చునవి స్వల్పము. ముత్యపు వన్నె చాలవరకు ఆ చిన్న తునుక నిచ్చిన చిప్ప గుణమును బట్టి యుండుట ఈ విద్యలో నన్ను మిక్కిలి యాకర్షించిన విషయము.

పేరు నల్లదే గాని కాటుక నలుపు ఇందు అరుదు. పగటివెలుగున నొక మంచి పూసను వ్రేళ్లనడుమ నుంచి మెల్లగా త్రిప్పినచో, నడుమ బూడిదవన్నె, దానిపై తేలియాడు ఆకుపచ్చ, అంచుకు పోగా లేత గులాబియో ఊదాయో తోచును. చిప్పకు స్వాభావికమైన రంగు, పలుచని పొరలనుండి మరలివచ్చిన కాంతికిరణములు పరస్పరము కలియుటచే కలుగు మెరుపు, ఈ రెండును ఏకమగుటచేతనే యీ వైచిత్రి. వర్తకులు నెమలివన్నె యని యెక్కువగా మెచ్చు కలయికయు, వంకాయరంగును పట్టుచీరల బేరమున మన స్త్రీలు చిరకాలముగా నెరిగినవే.

ఇంతటి యందమునకును మొదట నాదరము లేకపోయెను. సాల్వడార్ అసాయెల్ అను ముత్యాల వర్తకుడు తొలి సరకును అమ్మలేక, మేలైన పంట వచ్చుదాక వేచి, పిదప న్యూయార్కులో హ్యారీ విన్‌స్టన్ నగల దుకాణపు అద్దాల కిటికీయందు అత్యధికమైన వెలచీటితో వానిని ప్రదర్శింపజేసెననియు, వజ్రములు, కెంపులు, పచ్చల సరసన ముత్యమును చూపు నిండుపుట ప్రకటనలు పత్రికలలో వేయించెననియు ఆర్థికశాస్త్రజ్ఞుడు డాన్ ఏరియలీ వ్రాసియున్నాడు. దీనిని కేవలము వర్తకుల మాయ యనువారు కలరు, నేను అంగీకరింపను. వెలచీటి జనులను ఆ కిటికీకడ నిలువరించుట నిజమే, కాని నిలిచినవారికి చూచుటకు అచట నిజమైన అందము లేకున్నచో ఆ మోజు నాలుగునాళ్లకే మాసిపోయియుండును. తరువాత ఉత్పత్తి మితిమీరి ధరలు పడిపోయినను, నగలు చేయువారు ఈ ముత్యమును విడువకుండుటయే యిందుకు సాక్ష్యము.

ఏ రెండింటికిని వన్నె కలియకుండుట దండ గ్రుచ్చువానికి గొప్ప శ్రమ. ఒక్క సరమునకు సరిపడు పూసలకై రాశులకు రాశులు ఏరవలసి యుండును. ఆ భేదమునే గుణముగా గ్రహించిన శిల్పులు బూడిద, పచ్చ, ఊదా పూసలను కలిపియే దండలు కూర్చిరి; చుట్టును గాడులుపడి, ఒకప్పుడు తక్కువగా నెంచబడిన వంకర ముత్యములను ఒంటిగా తోలుత్రాటికి వ్రేలాడదీసిరి. నా మతమున ఇదియే యీ ముత్యమునకు తగిన గౌరవము.

తెల్లముత్యములకు వెండి లవణముతో నలుపు పట్టించి యమ్ముటయు కలదు. కొనదలచినవారు పూస రంధ్రపు అంచును భూతద్దముతో పరికింపవలెను. అచట రంగు చిక్కగా పేరుకొనియున్నచో శంకింపవలసినదే. అంగడి దీపముల క్రింద కాక, గుమ్మము వెలుపలికి తెచ్చి త్రిప్పి చూడుడు. అన్ని వైపులను ఒకే నలుపుగా నుండి, వన్నె మారని పూసకు హెచ్చు వెల పెట్టనక్కరలేదు.