వద్దనేవాళ్లు నూటికి పదకొండు మందే

అనంతపురం జిల్లాలో కుందుర్పి ఒక కొస. మండలం దాటితే కర్ణాటక. అక్కడ 2,000 జనాభా ఉన్న పల్లె ఒకటి ఉందనుకుందాం. వెయ్యి మందికి ఏడాదికి 16 జననాల చొప్పున వేసుకుంటే ఆ ఊళ్లో పుట్టేది 32 మంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో 12 నుంచి 23 నెలల పిల్లల్లో ప్రాథమిక టీకాలన్నీ పడినవాళ్లు 73 శాతం. దేశ సగటు 76.4. రాష్ట్ర సగటే ఆ పల్లెకూ వర్తిస్తే, 32 మందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఏదో ఒక సూది తప్పినట్టే.

తప్పినది తట్టు టీకా అయితే కష్టం. రక్షణ లేనివాళ్ల మధ్య తట్టు ఒకరి నుంచి 12 నుంచి 18 మందికి అంటుకుంటుంది. దాన్ని ఆపాలంటే నూటికి 95 మందికి రెండు డోసులూ పడాలి. మన 32 మందిలో ఒకరిద్దరు మిగిలిపోయినా ఊరు గట్టెక్కుతుంది. ఎనిమిది మంది మిగిలితే గట్టెక్కదు.

మరి ఆ ఎనిమిది ఇళ్లవాళ్లూ సూదులంటే గిట్టనివాళ్లా? పట్నంలో కూర్చున్నవాళ్లు తేలిగ్గా అనేసే మాట అది. 2017 అక్టోబరు నుంచి 2018 జనవరి దాకా ఇంటెన్సిఫైడ్ మిషన్ ఇంద్రధనుష్ పేరుతో దేశంలో ఇల్లిల్లూ తిరిగారు. టీకా ఎందుకు పడలేదని అడిగితే, 45 శాతం విషయం తెలియక అన్నారు. 24 శాతం జ్వరం, వాపు లాంటివి వస్తాయన్న భయం. 8 శాతం పిల్లలు ఊళ్లో లేకపోవడం. 4 శాతం సిబ్బంది, సరఫరా లోపాలు. ఈ భయంతో కాకుండా వేరే కారణాలతో వద్దన్నవాళ్లు 11 శాతమే.

ఆ 24 దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే అది ఉత్త అపోహ కాదు. ఆరు, పది, పద్నాలుగు వారాల వయసులో వేసే పెంటావాలెంట్‌లో కోరింత దగ్గు సూక్ష్మజీవిని చంపి, మొత్తంగా వాడతారు. రక్షణ గట్టిగానే ఇస్తుంది, జ్వరమూ తెస్తుంది. దాదాపు సగం మంది పిల్లలకు ఒళ్లు వెచ్చబడవచ్చు, తొడ వాయవచ్చు. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. కానీ శెనక్కాయ పీకే రోజుల్లో బుధవారం సూది వేయిస్తే గురువారం బిడ్డ చంక దిగదు, తల్లి కూలి పోతుంది. పట్నంలో డబ్బున్నవాళ్లు ఇదే భయంతో ప్రైవేటు ఆసుపత్రిలో వేలు పోసి ‘పెయిన్‌లెస్’ టీకా వేయిస్తారు. వాళ్లది జాగ్రత్త, పల్లె తల్లిది మూఢనమ్మకం అంటే ఎట్లా?

భయాన్ని తూచి చూస్తే లెక్క ఇలా ఉంటుంది. తట్టు సోకిన ప్రతి వెయ్యి మందిలో సుమారు ఒకరికి మెదడు వాపు వస్తుంది. టీకా వల్ల ప్రాణం మీదకొచ్చే అలర్జీ సుమారు పది లక్షల డోసులకు ఒకటి.

పిల్లలు ఊళ్లో లేరన్న 8 శాతం ఈ సీమకు బాగా తెలిసిన సంగతే. వానలు లేని ఏడు బెంగళూరు బస్సెక్కే ఇళ్లు ఇక్కడ కొత్త కాదు. తొలికాన్పు పుట్టింట్లో. ఆ పుట్టిల్లు పావగడలోనో చళ్లకెరలోనో ఉంటే మొదటి సూదులు కర్ణాటకలో, మిగతావి ఇక్కడ. కార్డు ఏ ఇంటి పెట్టెలో ఉందో! ఆ కార్డే లెక్కను మారుస్తుంది. సర్వేలో కార్డు లేకపోతే తల్లి గుర్తుచేసుకుని చెప్పిందే రాసుకుంటారు. అలా అందరినీ కలిపితే దేశ సగటు 76.4, కార్డు చూపించినవాళ్ల వరకే తీసుకుంటే 83.8. టీకా పడీ లెక్కకు ఎక్కని పిల్లలు ఈ తేడాలో కొందరైనా ఉంటారు.

వద్దన్న ఆ 11 శాతం అనుమానాలకు గాలిమాటలొక్కటే కారణం కాదు. 2017 ఫిబ్రవరిలో తట్టు-రూబెల్లా టీకా కర్ణాటక, తమిళనాడుల్లో మొదలైనప్పుడు వాట్సాప్‌లో పుకార్లు రేగాయి, నిజమే. ఖమ్మంలో జరిగింది మాత్రం పుకారు కాదు. 2009లో పాత్ అనే సంస్థ ఐసీఎంఆర్‌తో కలిసి ఆ జిల్లాలో 10-14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేయించింది. ఖమ్మంలోనూ గుజరాత్‌లోని వడోదరలోనూ కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది. పాముకాటు, నీట మునగడం, పురుగుమందు, మలేరియా వంటివే కారణాలనీ, టీకాతో సంబంధం కనబడలేదనీ విచారణలో చెప్పారు. అయితే 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక ఇంకో లెక్క బయటపెట్టింది. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. పదింట దాదాపు మూడు పత్రాల్లో అమ్మానాన్నలను అడిగిన జాడే లేదు. టీకా నిర్దోషి అని తేలినా, అడగకుండా వేశారన్న మాట చెరగలేదు.

అడగడానికీ చెప్పడానికీ ఏఎన్ఎంలకు ఒక పద్ధతి రాసే ఉంది. సూది వేసిన ప్రతిసారీ తల్లికి నాలుగు మాటలు చెప్పాలి: ఇది ఏ జబ్బుకు, జ్వరం వస్తే ఏం చేయాలి, మళ్లీ ఎప్పుడు రావాలి, కార్డు భద్రం. రెండు నిమిషాల పని. మొదటి మాట ఆ 45 శాతానికి జవాబు, రెండోది 24కి, చివరిది వలసలో ఉన్న ఆ 8కి. అంగన్వాడీ ముందు ముప్పై మంది తల్లులు వరసలో నిలబడిన రోజున మొదట కోతపడేది ఆ రెండు నిమిషాలకే.